కాన్పు సంచిలో ఉండకూడనివి

నెలలు నిండిన స్త్రీ ఆసుపత్రికి పోయేముందు ఏమేమి సర్దుకోవాలో చెప్పే కరపత్రాలు ఇప్పుడు చాలా వచ్చాయి. మా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో పనిచేసే సంస్థలు వేసినవే నా దగ్గర నాలుగు రకాలున్నాయి. రంగుల్లో, బొమ్మలతో చూడముచ్చటగా ఉన్నాయి. నవ్వుతున్న గర్భిణి, పక్కనే భర్త, అతని చేతిలో జిప్పు బ్యాగు. కింద పట్టిక. రెండు నైటీలు, తువ్వాళ్లు, బిడ్డకు టోపీ, మేజోళ్లు, ఫ్లాస్కు, సబ్బు, ఫోను ఛార్జరు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం. అన్నిటికంటే చివర "అత్యవసర ఖర్చులకు కొంత డబ్బు".

నా పేచీ ఆ చివరి మాటతో. ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు ఖర్చేముంటుంది? 2011 జూన్ 1న కేంద్ర ప్రభుత్వం జననీ శిశు సురక్షా కార్యక్రమం మొదలుపెట్టింది. దాని ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు వచ్చిన ఏ స్త్రీ అయినా ఒక్క పైసా పెట్టనక్కర్లేదు. మామూలు కాన్పయినా, పెద్ద ఆపరేషనయినా ఉచితం. మందులు, దూది, గ్లౌజులు, కుట్ల దారం ఉచితం. రక్త, మూత్ర పరీక్షలు, స్కానింగు ఉచితం. రక్తం ఎక్కించాల్సి వస్తే అదీ ఉచితమే. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషనుకు 7 రోజుల వరకు తల్లికి తిండి ఆసుపత్రే పెట్టాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, తిరిగి ఇంటికి బండి ఏర్పాటు కూడా వాళ్ల బాధ్యతే. పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే 30 రోజుల దాకా ఇవే సౌకర్యాలన్నారు, ఆ తర్వాత దాన్ని ఏడాది వరకు పెంచారు. ఎన్నో కాన్పు, ఏ కులం, ఏ రంగు కార్డు అన్న ప్రశ్న ఇందులో లేదు.

ఇన్ని రాసి ఉండగా మనం ఆ తల్లికి "డబ్బు సర్దుకో" అని ఎందుకు చెబుతున్నాం? ఎందుకో మనకందరికీ తెలుసు. తెలిసి కూడా దాన్ని తువ్వాళ్ల పక్కన, సబ్బు పక్కన, అదీ ఒక మామూలు వస్తువే అయినట్టు అచ్చు వేస్తున్నాం.

నేను ఈ పల్లెల్లో తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో సంచి ప్రసక్తే లేదు. కాన్పంటే ఇంట్లోనే. వసారాలో ఒక మూల నులకమంచం అడ్డం పెట్టి, పాత చీర కట్టి, మంత్రసానిని పిలిచేవాళ్లు. 1992లో శిశు మనుగడ, సురక్షిత మాతృత్వ కార్యక్రమం వచ్చాక కాన్పుల పొట్లాలు పంచారు. సబ్బు ముక్క, కొత్త బ్లేడు, బొడ్డుకు కట్టే దారం, కింద పరిచే ప్లాస్టిక్ షీటు. అయిదు శుభ్రతలని మీటింగుల్లో వేళ్లు మడిచి చెప్పేవాళ్లం. చేతులు, పడక, బ్లేడు, దారం, కోసిన బొడ్డు. ఆ పొట్లం ఒక అరచేతిలో పట్టేది.

ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 100 కాన్పుల్లో 96కు పైగా ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇది చిన్న మార్పు కాదు, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇల్లిల్లూ తిరిగి సాధించింది. బాలింత చావులు తగ్గాయి. అయితే కాన్పు ఇల్లు దాటిన కొద్దీ సంచి బరువు పెరిగింది.

కరపత్రంలో ఉన్న జిప్పు బ్యాగు నేను ఆసుపత్రుల్లో పెద్దగా చూడలేదు. చూసేవి వైరు బుట్టలు, బట్టల షాపువాళ్లిచ్చిన సంచులు, ఉతికిన ఎరువుల గోతాలు. అందులో ముందుగా చాప, దుప్పటి. ఇవి కాన్పయ్యే మనిషికి కాదు, వెంట వచ్చిన అమ్మ వరండాలో పడుకోవడానికి. చెంబు, గ్లాసు, స్టీలు క్యారియరు, నీళ్ల టిన్ను. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి తెలిసినవాళ్లకు నీళ్ల టిన్ను ఎందుకో చెప్పక్కర్లేదు. ఎక్కడికి పోయినా కొనుక్కున్న నీళ్లు మోసుకుపోవడం మాకు అలవాటయింది. ఇంకా వాము పొడి, వెల్లుల్లి కారం, బాలింతకు కాయం. వీటన్నిటి అడుగున, ఒక జాకెట్టు మడతలో, డబ్బు.

ఆ డబ్బు ఎట్టా ఉంటుందో చెప్పాలి. ఒకామె బిడ్డ కాన్పుకు వచ్చి వంద నోట్లు, రెండు వందల నోట్లు విడివిడిగా మడిచి పెట్టుకుంది. ఒక మడత చక్రాల బండి తోసేవాళ్లకు. ఒకటి గది కడిగేవాళ్లకు. ఒకటి బిడ్డను తుడిచి తెచ్చి చూపించేవాళ్లకు. "ఇంత వివరంగా నీకు ఎవరు చెప్పినారమ్మా?" అనడిగాను. "చెప్పేదేంది, మా వదినె కాన్పుకు పోయినప్పుడు చూసినా గదా" అంది. బిడ్డను తెచ్చి చూపించే మడత మాత్రం రెండు రకాలు పెట్టుకుంది. మగపిల్లాడైతే పెద్దది. ఆడపిల్లయితే చిన్నది. పుట్టబోయే బిడ్డ విలువ ఎంతో ఇంట్లోనే లెక్క కట్టి సంచిలో పెట్టుకురావాల్సి వచ్చింది ఆ అమ్మమ్మకు. ఆడపిల్లల సంఖ్య తగ్గిపోతోందని మనం సదస్సులు పెడతాం. ఆసుపత్రి వరండాలోనే ధర రెండు రకాలుగా పలుకుతున్నప్పుడు ఏ సదస్సు ఏం చేస్తుంది?

ఆసుపత్రి పేరు రాయను. ఒక పేరు రాస్తే మిగతావన్నీ బాగున్నాయనుకునే ప్రమాదం ఉంది. ఆ కింది స్థాయి పనివాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద, అరకొర జీతం మీద, అదీ నెలల తరబడి అందక పనిచేస్తున్నవాళ్లని నాకు తెలుసు. వాళ్లూ మన పల్లెల ఆడవాళ్లే. వాళ్ల జీతం సరిగా ఇవ్వాల్సిన బాధ్యతను కాన్పు నొప్పుల్లో ఉన్న కూలి మనిషి కొంగుముడి మీదికి నెట్టడం మాత్రం ఎట్లా న్యాయమవుతుంది?

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారినా పెద్దాసుపత్రి మాకు దూరంగానే ఉండిపోయింది. తేడా వస్తే మార్కాపురం నుంచి ఒంగోలు రమారమి వంద కిలోమీటర్లు. గిద్దలూరు నుంచయితే అటు ఒంగోలు ఇంకా దూరం, ఇటు నంద్యాలకు నల్లమల ఘాటు దాటాలి. 108 బండి 2005లో మొదలైనప్పటి నుంచి ఈ దారుల్లో ఎన్నో ప్రాణాలు నిలిపింది, కాదనను. కానీ "ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అనే మాట వినపడ్డ క్షణంలో ఎవరు ఎక్కుతారు, ఏది ఎక్కుతుంది అనేది ఎవరూ ఆలోచించుకోలేరు.

నేను దగ్గరుండి చూసిన ఒక సందర్భం ఇది. రెండో కాన్పు, బీపీ పెరిగింది, బండి వచ్చింది. ఒక్కరినే ఎక్కమన్నారు. తల్లి ఫ్లాస్కుతో ఎక్కింది, సంచి ఆడబిడ్డ చేతిలో వరండాలో ఉండిపోయింది. మాతాశిశు రక్షణ కార్డు, ఆధారు, స్కానింగు కాగితాలు అన్నీ ఆ సంచిలోనే. పెద్దాసుపత్రిలో దిగగానే కార్డేదన్నారు. ఏ నెలలో బీపీ ఎంతుంది, ఏ మందులు వాడింది, మొదటి కాన్పులో ఏం జరిగింది, ఇవన్నీ చదువురాని ఆ తల్లి నోటితో చెప్పాలి. ఆమె కూతురు పేరు ఇంట్లో పిలిచే పేరు చెప్పింది. అదే కేసు షీటులో ఎక్కింది, అదే జనన నమోదులోకి పోయింది. తల్లీ బిడ్డా బతికి బయటపడ్డారు. ఆ పేరు దిద్దించడానికి మాత్రం నాలుగు నెలలు తిరిగారు. ప్రతి తిరుగుడుకూ బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి.

ఆ కాగితం విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్లకు బడిలో చేరడానికి, ఓటరు జాబితాకు, డ్రైవింగు లైసెన్సుకు, పెళ్లి నమోదుకు పుట్టిన తేదీ రుజువుగా ఆ ధ్రువపత్రమే కావాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను నమోదు చేయించాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. ఇంత ముఖ్యమైన దానికి ఆధారం అయ్యే కాగితాలను మనం "సంచిలో పెట్టుకోండి" అని రాస్తున్నాం. సంచిలో పెట్టొద్దు. ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, దారం కట్టి, కాన్పయ్యే మనిషి దగ్గరో, ఆమెతోపాటు బండెక్కే మనిషి మెడలోనో ఉంచాలి. ఆశా కార్యకర్త ఫోనులో ప్రతి కాగితం ఫొటో ఒకటి ఉండాలి. సంచి వెనక వచ్చినా పరవాలేదు.

సంచి ముందుగా సర్దరు అని మన కార్యకర్తలు తరచు విసుక్కుంటారు. "బిడ్డ పుట్టకముందే గుడ్డలేంది, అచ్చిరాదు" అంటారు పెద్దవాళ్లు. దీన్ని మూఢనమ్మకమని తోసిపారేయడం మన మీటింగుల్లో సులువు. 1971లో ఈ దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. ఇప్పుడు సంచి వద్దంటున్న నాయనమ్మలు, జేజమ్మలు ఆ కాలంలో కన్నవాళ్లు, కనేవాళ్లను చూసినవాళ్లు. తెచ్చిపెట్టుకున్న చొక్కాను తొడిగే బిడ్డ లేక పెట్టెలో దాచుకున్న తల్లి ప్రతి ఊళ్లోనూ ఉండేది. 2020 నాటికి ఆ లెక్క 28కి తగ్గింది. అయినా భయం లెక్కలతోపాటు తగ్గదు కదా.

పైగా ఆ నమ్మకంలోనే దారి ఉంది. పెద్దవాళ్ల అభ్యంతరం కొత్త గుడ్డలకే. పాత గుడ్డలకు లేదు. పుట్టిన బిడ్డకు పురుడు వెళ్లే దాకా పాత గుడ్డల్లోనే చుట్టడం మన ఆనవాయితీ. పలచబడిన నూలు చీర చింపి, వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసిన గుడ్డ బిడ్డకు మెత్తన, బాలింతకు తడి పీలుస్తుంది. అంతకంటే మంచిది బజారులో దొరకదు. "పాత గుడ్డలు ఉతికి మూట కట్టండవ్వా" అంటే ఏ అవ్వా కాదనలేదు నాతో. వచ్చిన చిక్కు ఇంకోటి. పాత నూలు చీర ఇప్పుడు ఏ ఇంట్లో ఉంది? అన్నీ సిల్కు రకాలు, సింథటిక్ రకాలే. నీళ్లు పోసినా జారిపోయే గుడ్డలు. కాన్పు తర్వాత రోజుల తరబడి అయ్యే రక్తస్రావానికి ఆ గుడ్డ దేనికి పనికొస్తుంది? ప్యాడ్లు కొనాలి. నెలసరి ప్యాడ్లు మామూలుగా కొనుక్కునే వాళ్లకే ఇది భారం. అలవాటు లేని ఇంట్లో కొనిపెట్టమని అడగడానికే ఆ పిల్లకు నోరు రాదు.

ఈ గుడ్డల మాట వచ్చింది కాబట్టి ప్రభుత్వాలిచ్చే కిట్ల గురించి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో 2016లో ఎన్టీఆర్ బేబీ కిట్లు ఇచ్చారు. దోమతెర పడక, బిడ్డ చొక్కా, తువ్వాలు, సబ్బు, నూనె, పౌడరు, గిలక్కాయ. పేరులోనే ఉంది, అది బేబీ కిట్టు. పక్కన తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్టులో తల్లికి చీరలు కూడా పెట్టారు. దానితోపాటు ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లాడైతే 12,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. బొమ్మలు ముద్రించిన ఆ సంచులను ఎన్నికల సామగ్రిగా చూసి నవ్వడం తేలిక. నేను నవ్వను. చేతిలో ఏమీ లేకుండా వచ్చిన తల్లికి ఒక తువ్వాలు దొరికినా అది దొరికినట్టే. నా ప్రశ్న వేరు. తొమ్మిది నెలలు మోసి, చిరిగి, కుట్లు పడి, రక్తం కారుతూ పడుకున్న మనిషికి ఒక ప్యాడ్ల కట్ట కంటే బిడ్డకు పౌడరు డబ్బా ముఖ్యమని ఎవరు నిర్ణయించారు? పసిబిడ్డకు పౌడరు అక్కర్లేదని పిల్లల డాక్టర్లే చెబుతారు.

ఫిన్లాండులో 1938 నుంచి గర్భిణులకు ప్రభుత్వం ఒక పెట్టె ఇస్తోంది. మొదట పేదవాళ్లకే ఇచ్చేవాళ్లు, 1949 నుంచి అందరికీ ఇస్తున్నారు. బిడ్డ గుడ్డలతోపాటు తల్లికి పనికొచ్చేవీ అందులో ఉంటాయి. పెట్టె వద్దనుకుంటే బదులు డబ్బు తీసుకోవచ్చు. నాలుగో నెల నిండేలోపు ఆసుపత్రిలో చూపించుకోవాలన్నది ఒక్కటే షరతు. అన్నిటికంటే నాకు నచ్చింది ఏమిటంటే ఆ పెట్టె కాన్పుకు ముందే ఇంటికి వస్తుంది. మన కిట్టు కాన్పయ్యాక ఇంటికి పోయేటప్పుడు చేతిలో పెడతారు. అవసరమైన మూడు రోజులూ గడిచిపోయాక.

మన సంచుల్లోంచి తీసేయాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. తేనె సీసా, పంచదార పొట్లం, పాలసీసా. బిడ్డ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము అందించాలని మనం చెబుతూనే ఉన్నాం, సంచిలో మాత్రం పాలసీసా ఉంటూనే ఉంది. పాలపొడి, పాలసీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చింది. ఆసుపత్రుల్లో వాటి ప్రచారానికీ, ఉచితంగా పంచడానికీ వీల్లేదు. చీటీ మీద పాలపొడి పేరు రాసిచ్చే చోట ఆ చట్టాన్ని గుర్తుచేయాల్సింది మనమే.

ఇక సంచి కాన్పు గది గుమ్మం దగ్గర ఆగిపోతుంది. సంచి మోసుకొచ్చిన తల్లీ అక్కడే ఆగిపోతుంది. లోపలికి ఆ పిల్ల ఒక్కతే పోతుంది, చాలాసార్లు ఇరవై ఏళ్లయినా లేని పిల్ల. లోపల వినే మాటలు ఎట్లాంటివో ఇక్కడ రాయడానికి మనసొప్పదు. "అప్పుడు తెలియలేదా" అనే మాట వినని తల్లి ఎవరైనా ఉంటే ఆమె అదృష్టవంతురాలు. తొడల మీద దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు దాన్ని దెబ్బ అని కూడా అనరు, "మందలించినారు" అంటారు. కాన్పు సమయంలో స్త్రీలను అవమానించడం, కొట్టడం హక్కుల ఉల్లంఘనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటన చేసింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలోనే ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక తోడు మనిషిని అనుమతించాలని చెప్పింది. స్వయంగా కాన్పు అనుభవం ఉన్న స్త్రీ, అంటువ్యాధి లేకుండా, శుభ్రమైన బట్టలు కట్టుకుని, కాన్పు పూర్తయ్యేదాకా ఉండటానికి సిద్ధపడితే లోపల ఉండొచ్చు. 2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదుల్లో గౌరవంగా చూడటాన్ని ఒక ప్రమాణంగానే పెట్టింది.

ఈ సంగతి మన నాలుగు కరపత్రాల్లో ఒక్కదాంట్లోనూ లేదు. ఫోను ఛార్జరు మాత్రం అన్నిటిలో ఉంది. తోడు వచ్చే అమ్మకో అత్తకో ఒక ఉతికిన చీర విడిగా మడిచి పెట్టుకొమ్మని రాస్తే, "బట్టలు శుభ్రంగా లేవు, బయట ఉండు" అనే సాకు పోతుంది. కాన్పు గదుల్లో మంచానికీ మంచానికీ మధ్య తెర లేదని, చోటు లేదని, ఒక్క నర్సు ఇన్ని కాన్పులు చూడాలని వాళ్లు చెప్పే కారణాలు అబద్ధాలు కావు. తెరకు ఎంతవుతుంది? ఆసుపత్రి అభివృద్ధి సంఘాల చేతిలో నిధులు ఉండేది ఇట్లాంటి వాటికే.

ప్రైవేటు ఆసుపత్రులకు పోయేవాళ్ల సంచి వేరు, దాని బరువు అప్పుల్లో కొలవాలి. దాని గురించి విడిగా రాయాలి. ఇక్కడ ఒక్క లెక్క చెబుతాను. పైన చెప్పిన సర్వేలోనే మన రాష్ట్రంలో 100 కాన్పుల్లో 42 ఆపరేషన్లు. తెలంగాణలో 60 దాటాయి. 10 నుంచి 15 మించి ఉండటానికి సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. మూడు రోజులకు సర్దుకున్న సంచి ఆపరేషనుతో వారానికి చాలాలి. చాలదు. తోడున్న మనిషి కూలి వారం పోతుంది. ఆ కూలి ఏ పథకం లెక్కలోనూ లేదు.

తల్లి కూలి లెక్కలో ఉందా అంటే కాగితం మీద ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం అంది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన దాన్ని మొదటి బిడ్డకు 5,000 చేసి, విడతలుగా చేసింది. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 అంది. మొదట్లో దానికి భర్త ఆధారు కూడా అడిగేవాళ్లు. వదిలేసి పోయిన భర్త ఆధారు ఎక్కడి నుంచి తెస్తుంది? 2022 తర్వాత ఆ నిబంధన తీసేశారు. తీసేశారని మన పల్లెల్లో ఎంతమందికి చెప్పాం? ఇప్పటికీ సంచుల్లో మొగుడి ఆధారు జిరాక్సు తప్పకుండా ఉంటుంది. "అది లేకపోతే చేర్చుకోరు గదక్కా" అని అడిగిన పిల్లలున్నారు.

దోర్నాల, యర్రగొండపాలెం వైపు చెంచు గూడేలకు ఈ సంచి కరపత్రం ఎందుకూ కొరగాదు. పాలుట్ల లాంటి అడవి లోపలి గూడెంలో నొప్పులు మొదలయ్యాక సంచి అందుకుని బయల్దేరడమనే మాటే లేదు. అక్కడ కావాల్సింది రోజుల ముందే వచ్చి, రోడ్డు పక్కన ఆసుపత్రికి దగ్గరలో, పెద్ద బిడ్డలతో సహా ఉండగలిగే చోటు. 2018లో పార్వతీపురం ఐటీడీఏ వాళ్లు గిరిజన గర్భిణుల కోసం అట్లాంటి వసతిగృహం పెట్టారు. శ్రీశైలం ఐటీడీఏను మనం అడగాల్సింది దాన్ని గురించి. వలసపోయే వాళ్లదీ వేరే సంగతే. మిరపకోతలకు గుంటూరు, పల్నాడు వైపు, ఇళ్ల పనులకు హైదరాబాదు పోయే మన ఆడవాళ్లు ఆరో నెల, ఏడో నెల కడుపుతోనే పోతారు. వాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే, కార్డు ఇంట్లో పెట్టి పోవద్దని. ఎక్కడ నొప్పులొచ్చినా ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలో చేర్చుకోవాల్సిందే, సొంత ఊరికి పొమ్మనే హక్కు వాళ్లకు లేదు.

మార్కాపురంలో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. దాని మీద పార్టీలు వాదించుకుంటున్నాయి. ఆ కళాశాల ఆసుపత్రిలో పశ్చిమ ప్రాంతపు స్త్రీకి కాన్పు, ఆపరేషను, రక్తం, తిండి 2011 నాటి మాట ప్రకారం పూర్తి ఉచితంగా ఉంటాయా అని స్త్రీల సంఘాలుగా మనం రాతపూర్వకంగా అడగాలి. జవాబు కూడా రాతపూర్వకంగానే కావాలి.

కరపత్రం విషయానికొస్తే, మా సంఘం మీటింగులో నేను పెట్టిన ప్రతిపాదన ఇది. కాగితానికి రెండు పక్కలు వాడదాం. ఒక పక్క ఆమె తెచ్చుకునేవి. ఉతికిన పాత గుడ్డలు, ముందు తెరుచుకునే రెండు నైటీలో జాకెట్లో, ప్యాడ్లు, తోడు మనిషికి చీర, మెడలో కాగితాల కవరు, ఆమె సొంత ఫోను. భర్తదో మరిదిదో కాదు, ఆమెది. అంతే. రెండో పక్క ఆమె తేవాల్సిన అవసరం లేనివి. గ్లౌజులు, దూది, సూది మందులు, కుట్ల దారం, రక్తం, స్కానింగు డబ్బులు, తన తిండి, బండి కిరాయి, ఎవరి చేతిలోనూ పెట్టాల్సిన నోట్ల మడతలు. ఈ పక్కన ఉన్నది ఏదైనా ఎవరైనా అడిగితే తేదీ, వేళ, అడిగిన వస్తువు రాసుకోవడానికి నాలుగు ఖాళీ గీతలు. చదువురాని వాళ్లకు బొమ్మలు.

బొమ్మలో సంచి భర్త చేతిలో వద్దన్నాను. దీని మీద కొంత వాదన జరిగింది. భర్తలకు బాధ్యత నేర్పాలి కదా అన్నారు మా వాళ్లు. నేర్పాలి, మోయడం నేర్పుదాం. సర్దేది మాత్రం ఆమె. ఎనిమిదో నెలలోనే ఆ పిల్లను కూర్చోబెట్టి ఆమె చేతనే సర్దిస్తే, ఏది ఎందుకో అడుగుతుంది. కాగితం మీద తన పేరు ఎట్లా రాశారో చూసుకుంటుంది. ఎక్కడ కనాలి, ఎవరు తోడు రావాలి అనే మాట ఆమె నోటి నుంచి రావడానికి ఇంట్లో అదొక్కటే అదనుగా నాకు కనిపించింది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్లను "నువ్వు గమ్మున కూర్చో, మేం చూసుకుంటాం" అనడంలో ప్రేమ ఉంది, ఒప్పుకుంటాను. ఆ ప్రేమ వల్లనే కాన్పు గదిలో "రక్తం గ్రూపేంది?" అంటే ఆ పిల్ల బయట ఉన్న అమ్మ వైపు చూస్తుంది.

కాగితం వెనక పక్క అచ్చు వేస్తే ఆసుపత్రి వాళ్లకు కోపం వస్తుందని, రేపు మన కేసులకు ఇబ్బంది అవుతుందని ఒక సంస్థవాళ్లు భయం వెలిబుచ్చారు. వాళ్ల భయం నిజమైనదే, వాళ్లు రోజూ ఆ గుమ్మంలోకి పోవాలి. అందుకని మొదట సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెడుతున్నాం. గత ఏడాది జననీ శిశు సురక్షా కింద బాలింతల తిండికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంతమందిని బండిలో ఇంటికి చేర్చారు, తోడు మనిషిని కాన్పు గదిలోకి అనుమతిస్తూ ఉత్తర్వు జారీ అయిందా, అయితే నకలు ఇవ్వండి. నాలుగే ప్రశ్నలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు దరఖాస్తు చేస్తే రుసుము లేదు, కాబట్టి కాన్పయిన తల్లుల పేరు మీదనే పెడుతున్నాం. 30 రోజుల్లో జవాబు రావాలి. మీ మీ ప్రాంతాల్లో కూడా ఇవే నాలుగు ప్రశ్నలు పెడితే, వచ్చిన జవాబులు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.